స్టాన్‌ఫర్డ్‌ని వదిలి ఆరెగన్‌ని ఎందుకు తీసుకున్నారు?

చదువునీ డబ్బునీ ఒకే తక్కెడలో వేశారు, మీ వ్యాసం అక్కడే ఆగింది. "చదువే ముఖ్యమైతే 2023లో బిగ్ టెన్ స్టాన్‌ఫర్డ్‌ని కాదని ఆరెగన్‌ని ఎందుకు పిలిచింది?" అన్నారు కదా. బిగ్ టెన్ అంటే అమెరికా విశ్వవిద్యాలయాల క్రీడా కూటమి. చదువు గడప దాటించేవరకే. లోపల పీట వేసేది ఆటల ప్రసారాలకి వచ్చే టీవీ డబ్బు.

ఈ వరుసలో రాయండి:

1. ముందు చదువు గడప: ఏఏయూ, అంటే పెద్ద పరిశోధన విశ్వవిద్యాలయాల సంఘం. ఆరెగన్, దానితోపాటు పిలుపందుకున్న వాషింగ్టన్, పిలుపు రాని స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ నాలుగూ అందులో ఉన్నాయి. ఇక్కడ తేడా తేలదు.

2. అందరూ వదిలేసేది ఇదే: మొత్తం కాదు, తలా ఎంత అన్నది చూడాలి. 16 విశ్వవిద్యాలయాలు తలా 6 కోట్ల డాలర్లు పంచుకుంటున్నాయనుకోండి (లెక్క కోసమే). 17వది వస్తే టీవీ ఒప్పందం కనీసం ఇంకో 6 కోట్లు పెరగాలి. లేదంటే పాతవాళ్ల విస్తరిలో తగ్గుతుంది. తన విస్తరిలో తగ్గించుకోవడానికి ఎవరు ఓటేస్తారు? ఆరెగన్, వాషింగ్టన్ కూడా మొదట్లో దాదాపు సగం వాటాకే ఒప్పుకుని వచ్చాయి.

3. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఏసీసీ అనే మరో క్రీడా కూటమిలో చేరాయి, మొదటి ఏడేళ్లు సుమారు 30 శాతం వాటాకి. వాళ్లతోపాటు చేరిన ఎస్ఎమ్‌యూ (సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయం) తొమ్మిదేళ్లు టీవీ వాటా అసలే వద్దంది! డబ్బున్న దాతలు వెనక ఉన్నారు మరి.

4. నెబ్రాస్కా విశ్వవిద్యాలయాన్ని మర్చిపోకండి. 2011లో బిగ్ టెన్‌లో చేరింది, అదే ఏడాది ఏఏయూ సభ్యత్వం పోయింది. బిగ్ టెన్ మాత్రం పొమ్మనలేదు.