సుడోతో తెరుచుకునే ప్రోగ్రామ్ మామూలుగా ఎందుకు తెరుచుకోదు?

ప్రశ్న: ఉబుంటు వాడుతున్నాను. ఫొటోలు ఎడిట్ చేసే ప్రోగ్రామ్ ఒకటి మొన్నటిదాకా బాగానే పనిచేసింది. ఇప్పుడు ఐకాన్ నొక్కితే కాసేపు తిరిగి ఆగిపోతోంది, ఏ మెసేజూ రాదు. టెర్మినల్‌లో సుడో (అడ్మిన్ హక్కులతో నడిపించే కమాండ్) పెట్టి నడిపితే మాత్రం వెంటనే తెరుచుకుంటోంది. ఇలాగే వాడుకోవచ్చా? ఫోల్డర్‌కి 777 (అందరికీ అన్ని అనుమతులూ) ఇచ్చేస్తే చాలని ఒకరు అంటున్నారు.

జవాబు: రెండూ వద్దండీ. సుడోతో తెరుచుకుని మీ పేరు మీద తెరుచుకోవడం లేదంటే ప్రోగ్రామ్ పాడవలేదనే అర్థం, దానికి కావలసిన ఏదో ఫైలు మీ చేతిలో లేకుండా పోయింది, అంతే. చాలాసార్లు దీనికి కారణం కూడా సుడోనే. ఎప్పుడో ఒకసారి ఆ ప్రోగ్రామ్‌ని సుడోతో నడిపి ఉంటారు, అప్పుడది మీ హోమ్‌లోని (మీ సొంత ఫోల్డర్‌లోని) సెట్టింగ్స్ ఫైళ్లను రూట్ (అడ్మిన్ ఖాతా) పేరుతో రాసేసి ఉంటుంది. ఉబుంటు 19.10కి ముందు ఇది మరీ ఎక్కువగా జరిగేది, ఎందుకంటే అప్పట్లో సుడో వాడినా హోమ్‌గా మీ ఫోల్డరే ఉండిపోయేది. తర్వాత దాన్ని మార్చారు కానీ, సుడోని మైనస్ పెద్ద ఈ (-E) ఆప్షన్‌తో నడిపితే ఇప్పటికీ అదే ఇబ్బంది రావచ్చు.

ముందు టెర్మినల్ తెరిచి, సుడో లేకుండా, ప్రోగ్రామ్ పేరు ఒక్కటే కొట్టండి. ఐకాన్ నొక్కినప్పుడు కనిపించని ఎర్రర్ ఇక్కడ కనిపిస్తుంది, ‘పర్మిషన్ డినైడ్’ అనే మాట, సాధారణంగా దాని పక్కనే ఫైలు దారి కూడా. ఆ దారి మీద ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌డీ (ls -ld) నడిపితే వచ్చే లైనులో మూడో మాటగా యజమాని పేరు ఉంటుంది. మీ పేరు ఉండాల్సిన చోట రూట్ అని ఉంటే దొంగ దొరికినట్టే. డాట్ కాన్ఫిగ్, డాట్ క్యాష్, డాట్ లోకల్ ఫోల్డర్లలో ఇంకేమైనా ఉన్నాయేమో ఫైండ్ కమాండ్‌కి మైనస్ యూజర్ రూట్ (-user root) జతచేసి వెతకండి.

తర్వాత సుడోతో సీహెచ్‌ఓన్ (chown, యజమానిని మార్చే కమాండ్) వాడి ఆ ఫోల్డర్‌ని మీ పేరుకి మార్చండి. లోపలివన్నీ మారడానికి మైనస్ పెద్ద ఆర్ (-R) కావాలి, కానీ ఎంటర్ నొక్కే ముందు దారిని రెండుసార్లు చదువుకోండి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. సిస్టమ్ ప్రోగ్రామ్‌లుండే యూఎస్ఆర్ (/usr) ఫోల్డర్ మీద పొరపాటున నడిపితే సుడో ఫైలు యజమాని కూడా మారిపోతుంది, ఆపైన సుడోనే పనిచేయదు, సరిచేయాలంటే రికవరీ మోడ్‌లోకి వెళ్లాల్సి వస్తుంది.

ఇక 777 సంగతి. అది యజమానిని మార్చదు, ఆ కంప్యూటర్‌లో ఉన్న ప్రతి యూజర్‌కీ రాసే హక్కు ఇచ్చేస్తుంది. హోమ్ మొత్తానికి ఇచ్చారంటే ఎస్ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్లకి భద్రంగా కనెక్ట్ అయ్యే ప్రోగ్రామ్) మీ ప్రైవేట్ కీని అందరికీ తెరిచి ఉందని వాడడానికే ఒప్పుకోదు, అంటే ఒక సమస్య పోక ముందే ఇంకోటి మొదలవుతుంది.

ఇదే గొడవ హోమ్‌లో ఉండే డాట్ ఎక్స్ అథారిటీ (.Xauthority) ఫైలుకి వస్తే పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా మళ్లీ లాగిన్ స్క్రీనే వస్తుంటుంది. టెన్షన్ పడకండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి, వచ్చిన నల్ల తెర మీద లాగిన్ అయ్యి, ఆ ఫైలుని కూడా సీహెచ్‌ఓన్‌తో మీ పేరుకి మార్చుకుంటే చాలు.

ప్రశ్న: పెన్ డ్రైవ్‌లో ఉన్న యాప్ ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ప్రోగ్రామ్) ఫైలుకి రన్ అయ్యే అనుమతి టిక్ పెడుతున్నాను, మళ్లీ చూస్తే టిక్ ఉండటం లేదు. ఎందుకు?

జవాబు: ఆ డ్రైవ్ ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్ అయి ఉంటుంది. వాటిలో యూనిక్స్ అనుమతులు దాచుకునే చోటే లేదు, డ్రైవ్‌ని మౌంట్ చేసినప్పుడు (సిస్టమ్‌కి కలిపినప్పుడు) ఇచ్చిన ఆప్షన్లే ఫైళ్లన్నిటికీ వర్తిస్తాయి. ఫైలుని హోమ్‌లోకి కాపీ చేసి అక్కడ టిక్ పెట్టండి. అయినా తెరుచుకోకపోతే టెర్మినల్‌లో నడిపి చూడండి, యాప్ ఇమేజ్‌కి కావలసిన ఫ్యూజ్ లైబ్రరీ లేదని వస్తే అది అనుమతి సమస్య కాదు, ఉబుంటు 22.04 నుంచి ఆ పాత లైబ్రరీ ముందే ఇన్‌స్టాల్ అయి రావడం లేదు, మీరే వేసుకోవాలి.