మ్యాట్ డిలన్ తీసిన ‘సిటీ ఆఫ్ గోస్ట్స్’ చూడొచ్చా?

చూడొచ్చు, కథ కోసం మాత్రం కాదు. నటుడు డిలన్ దర్శకుడిగా తీసిన తొలి సినిమా ఇది, 2002 నాటి థ్రిల్లర్. అమెరికాలో తుఫాను వచ్చాక క్లెయిములు కట్టలేక ఓ నకిలీ బీమా కంపెనీ బోర్డు తిప్పేస్తుంది (మా కడపలో చీటీలు కట్టి మోసపోయినోళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు). అందులో పనిచేసిన జిమ్మీ తన గురువును వెతుక్కుంటూ కంబోడియా వెళ్తాడు.

అక్కడి నుంచి ఊరే సినిమాను మోస్తుంది. చెమట, దుమ్ము, సైకిల్ రిక్షా, ఫ్రెంచ్ నటుడు జెరార్ డిపార్డ్యూ పాత్ర నడిపే పాత బారు, అందులో ఓ కోతి. బోకోర్ కొండ మీది పాడుబడ్డ భవనంలో సీన్లు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. సెట్ వేయలేదు, నిజంగా అక్కడే తీశారు.

టెన్షన్ మాత్రం నిలవదు. ప్రేమకథ అతికించినట్టుంది. గురువుగా జేమ్స్ కాన్ వచ్చాకే కథకు ప్రాణమొస్తుంది, ఆయనేమో తీరిగ్గా వస్తాడు.