తాతగారి మండువా ఇంట్లో లైబ్రరీ పెట్టుకోవాలంటే ఎవరిని అడగాలి?

ప్రశ్న: ద్రాక్షారామంలో భీమేశ్వరాలయానికి దగ్గర్లో మాకు మండువా ఇల్లు ఉంది. తాతగారు కట్టించారు, నూరేళ్ళు దాటింది. ఆయన 1968లో పోయారు. అప్పటికే నానమ్మ లేదు. నాన్నగారు ఒక్కరే సంతానం. నాన్నగారు 2019లో వీలునామా రాయకుండా పోయారు. అమ్మ అంతకు ముందే పోయింది. ఇప్పుడు నేను, తమ్ముడు, అమెరికా పౌరసత్వం తీసుకున్న అక్కయ్య ఉన్నాం. తాతగారి పుస్తకాలు మూడు వేల దాకా, తాళపత్రాల కట్టలు నలభై ట్రంకు పెట్టెల్లో మగ్గుతున్నాయి. మేడ మీద రెండు గదుల మధ్య గోడ తీసేసి, ఒకే హాలు చేసి లైబ్రరీ పెట్టాలని నా కోరిక. పురావస్తు శాఖ అనుమతి లేకుండా మేకు కూడా కొట్టకూడదని ఒకరు, మీ ఇల్లు మీ ఇష్టమని ఇంకొకరు అంటున్నారు. తమ్ముడేమో ముందు పంపకాలు తేలాలంటున్నాడు. సంక్రాంతికి వస్తున్న అక్కయ్య కొన్ని తాళపత్రాలు గుర్తుగా తీసుకెళ్తానంటోంది. ఏం చేయాలి?

జవాబు: మీ తమ్ముడు అడ్డుపడుతున్నాడని మీకు బాధగా ఉన్నట్టుంది. కానీ ఈ విషయంలో ఆయన మాటే సబబు. మీకు పురావస్తు శాఖ కంటే ముందు కావలసింది తోబుట్టువుల సంతకాలు.

తాతగారు 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక పోయారు. ఆయన సొంతంగా కట్టించిన ఇల్లు ఆ చట్టం 8వ సెక్షన్ కింద మీ నాన్నగారికి సొంత ఆస్తిగానే వచ్చింది, పిల్లలకు పుట్టుకతోనే వాటా ఉండే పిత్రార్జితంగా కాదు. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. నాన్నగారి తర్వాత ముగ్గురికీ తలా మూడో వంతు. పిత్రార్జితంలో ఆడపిల్లల హక్కు గురించిన 2005 సవరణతో ఇక్కడ పనే లేదు. అక్కయ్య పెళ్ళి ఎప్పుడైంది, ఏ దేశ పౌరురాలు అన్నవీ అడ్డు కావు. పుస్తకాలకూ, తాళపత్రాలకూ ఇదే లెక్క. ఇన్నాళ్ళూ వాటిని మీరే కాపాడారు నిజమే, అంతమాత్రాన అవి మీ ఒక్కరివి అయిపోవు.

ఉమ్మడి ఇంట్లో మిగతావాళ్ళు ఒప్పుకోకుండా గోడ తీస్తే, తమ్ముడు సివిల్ కోర్టుకు వెళ్ళి ఇంజంక్షన్ తెచ్చుకోవచ్చు. పని సగంలో ఆగిపోతుంది. తర్వాత పంపకాల దావా పడితే, బాగుచేసిన భాగాన్ని ఖర్చు పెట్టినవాళ్ళ వాటాకు కలపడానికి కోర్టులు సాధారణంగా ప్రయత్నిస్తాయి. కానీ అది కోర్టు దయ, మీరు గట్టిగా అడగగలిగే హక్కు కాదు. వద్దన్నా వినకుండా పెట్టిన డబ్బును కోర్టు అంత సానుభూతితో చూడదు. అన్నదమ్ములు ఒక అలమర దగ్గర మొదలుపెట్టి పదేళ్ళు కోర్టు చుట్టూ తిరగడం నేను చూశాను. ఆ పదేళ్ళలో పుస్తకాలను చెదలు తినేసింది. మీ ఇంట్లో అలా జరగకూడదు.

ఇక గుడి సంగతి. భీమేశ్వరాలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. పురాతన కట్టడాల రక్షణ కోసం తెచ్చిన 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత ప్రాంతపు హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ పైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత గోపురం నుంచి కాదు, రక్షిత హద్దు నుంచి. ముందు సర్వేయర్ చేత కొలిపించండి. మీ ఇల్లు నూరేళ్ళది కాబట్టి దానంతటదే రక్షిత కట్టడం అయిపోయిందన్న భయం అక్కర్లేదు. నోటిఫై చేస్తేనే అవుతుంది.

ఇల్లు 100 మీటర్ల లోపు పడినా కోరిక వదులుకోనక్కర్లేదు. నిషేధిత ప్రాంతంలో కొత్త కట్టడం, ఉన్నదానికి పైకి గానీ పక్కకు గానీ పెంచడం కుదరదు. అలా కడితే రెండేళ్ళ వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కానీ ఉన్న ఇంట్లో మార్పులు చేయడాన్ని చట్టం మరమ్మతు, పునరుద్ధరణ కిందే లెక్కిస్తుంది. 1992 జూన్ 16కి ముందు నుంచీ ఉన్న ఇంటి యజమాని దానికి అనుమతి అడగవచ్చు. మీరు గోడ తీయడం ఇందులోకి వస్తుంది. రాష్ట్రానికి నియమించిన సమర్థాధికారికి దరఖాస్తు పెడితే, ఆయన 15 రోజుల్లో జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి. వాళ్ళు రెండు నెలల్లో అభిప్రాయం చెప్పాలి, ఆ తర్వాత నెలలో మీకు జవాబు రావాలి. యజమానులు ముగ్గురు కాబట్టి దరఖాస్తులోనూ ముగ్గురి సంతకాలు ఉంటే మంచిది. బీరువాలు, అలమరలు పెట్టుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. మేకు కొట్టకూడదన్న మాట పట్టించుకోకండి.

అసలు ఆ గోడ తీయాలా అని ఇంకోసారి ఆలోచించండి. పాత ఇళ్ళలో మధ్య గోడలు దూలాల బరువు మోస్తుంటాయి. పైగా పుస్తకాల బరువు మనం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. భారతీయ ప్రమాణాల లెక్కలో నివాసపు గదికి చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు వేసుకుంటే, పుస్తకాల ర్యాకులున్న గదికి 600 కిలోలు వేసుకోవాలి. వందేళ్ళ టేకు దూలాలు దాన్ని మోస్తాయో లేదో స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి రాతపూర్వకంగా చెప్పాలి. రేపు ఏదైనా కూలితే తమ్ముడికీ, పక్కింటివాళ్ళకీ జవాబుదారీ మీరే. నన్నడిగితే కింద, మండువా చుట్టూ ఉన్న గదుల్లో, గోడకు కాస్త ఎడంగా అలమరలు పెట్టించండి. గోడా కూలదు, దరఖాస్తు టెన్షనూ ఉండదు.

తాళపత్రాల విషయంలో మాత్రం అక్కయ్యకు గట్టిగా చెప్పండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య విలువ ఉండి 75 ఏళ్ళు దాటిన రాతప్రతి పురావస్తువే. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. గుర్తుగా ఒక్క కట్టే తీసుకెళ్ళినా నేరమే, ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, జరిమానా. నూరేళ్ళు దాటిన అచ్చు పుస్తకం తీసుకెళ్ళాలన్నా, అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ సర్టిఫికెట్ తీసుకున్నాకే తీసుకెళ్ళమనండి. ఇంట్లో ఉంచుకోవడానికి అభ్యంతరం లేదు. బొమ్మలున్న తాళపత్రాలుంటే మాత్రం రిజిస్టర్ చేయించాలి. కట్టలన్నీ విప్పి చూడండి. అక్కయ్యకు ప్రతి ఆకూ ఫోటో తీయించి ఇవ్వండి, అది ఎక్కడికైనా పట్టుకెళ్ళవచ్చు. దయచేసి ఎవరి మాటా విని లామినేషన్ మాత్రం చేయించకండి.

కాగితం విషయానికొస్తే రెండు దారులున్నాయి. ఇల్లు పంచుకునేటట్టయితే లైబ్రరీ గదులు మీ వాటాకు వచ్చేలా పంపకాల దస్తావేజు రాయించి రిజిస్టర్ చేయించండి. ఇల్లు ఉమ్మడిగానే ఉంచుకుంటే, ఆ గదులు ఎవరు వాడతారు, ఖర్చు ఎవరిది, రేపు పంచుకున్నప్పుడు ఆ ఖర్చు లెక్కలోకి వస్తుందా రాదా, పుస్తకాలు అమ్మాలంటే ముగ్గురూ ఒప్పుకోవాలా అన్నవి ఒప్పందంగా రాసుకోండి. పుస్తకాల జాబితా దానికి జతచేయండి. నేనైతే మొదటిదే మంచిదంటాను.

అక్కయ్య రాలేకపోతే అమెరికాలో పవర్ ఆఫ్ అటార్నీ రాయించి, నోటరీ, అపొస్టిల్ (పరదేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) చేయించి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టాలి. సంక్రాంతికి ఎలాగూ వస్తున్నారు కాబట్టి డిసెంబరులోనే డ్రాఫ్టు రాయించి తమ్ముడికి చదవమని ఇవ్వండి. మార్పులుంటే అప్పుడే చెబుతారు. పండగ సెలవులు అయ్యాక ముగ్గురూ కలిసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తే ఒక్క పూటలో పని అయిపోతుంది. వడ్రంగికి అడ్వాన్సు ఆ సాయంత్రం ఇవ్వండి.