పాత కచేరీ ఫైలుకు పాస్‌వర్డ్ ఎందుకు?

గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ కచేరీ రికార్డింగుల గురించి నాకు ఉత్తరాలు రావడం కొత్తేమీ కాదు. కాలిఫోర్నియాలో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి తిరిగొచ్చిన వాళ్ళు, అక్కడే ఉండిపోయిన వాళ్ళు రాస్తుంటారు. ఈమధ్య మాత్రం ఒకటే గోడు మళ్ళీ మళ్ళీ వస్తోంది: "అరుదైన టేప్ అంటే డౌన్‌లోడ్ చేశాను, అకౌంట్లన్నీ పోయాయి." అందుకే ఈ వారం శీర్షిక మొత్తం ఈ రికార్డింగులకే.

ఈ బ్యాండ్ గురించి తెలియని వాళ్ళకు రెండు ముక్కలు. 1965లో కాలిఫోర్నియాలో మొదలై, 1995లో జెర్రీ గార్సియా చనిపోవడంతో ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళలో 2,300కు పైగా కచేరీలు చేశారు. నిన్న వాయించినట్టు ఈరోజు వాయించరు. అందుకే డెడ్‌హెడ్స్ అని పిలిచే వీళ్ళ అభిమానులు ఆల్బమ్‌ల కన్నా కచేరీ టేపుల మీదే ప్రాణం పెట్టుకున్నారు. కచేరీలను రికార్డు చేసుకునే అభిమానులను బ్యాండ్ తరిమేయలేదు. 1984 అక్టోబరులో బర్క్‌లీలో జరిగిన కచేరీతో మొదలుపెట్టి, మైకులతో వచ్చే వాళ్ళకు సౌండ్‌బోర్డ్ (మైకుల శబ్దాలన్నీ కలిపి సరిచేసే బల్ల) వెనక విడిగా చోటే ఇచ్చింది. షరతు ఒక్కటే: పంచుకోండి, అమ్ముకోవద్దు.

కొండాపూర్, హైదరాబాద్ నుంచి: "సార్, 1977 కార్నెల్ కచేరీ 'అసలు మాస్టర్, ఇంకెక్కడా దొరకదు' అంటూ ఒక మెసేజింగ్ గ్రూపులో లింకు పెట్టారు. జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉంది, అదీ వాళ్ళే ఇచ్చారు. లోపల పాటలతో పాటు ఒక ప్లేయర్ ఉంటే ఇన్‌స్టాల్ చేశాను. పాట రాలేదు. రెండు రోజుల తర్వాత నా మెయిల్ నుంచి ఆఫీసులో అందరికీ ఏవో లింకులు వెళ్ళాయి. నాకు టూ-స్టెప్ వెరిఫికేషన్ ఉంది, ఓటీపీ కూడా రాలేదు. యాంటీవైరస్ ఏమీ అనలేదు. ఇదెలా సాధ్యం?"

మీరు ఇది చదువుతున్నది ఆ కంప్యూటర్‌లోనే అయితే ముందు దాని వైఫై ఆపేయండి. మిగతాది ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో చదవండి.

ఆ 'ప్లేయర్' మీ పాస్‌వర్డ్ కోసం కూడా పెద్దగా కష్టపడి ఉండదు. మీరు ఒకసారి లాగిన్ అయ్యాక, ప్రతిసారీ అడగకుండా ఉండటానికి బ్రౌజర్ కుకీ అనే చిన్న గుర్తింపు చీటీని దాచుకుంటుంది. దాన్ని ఎత్తుకెళ్ళి వేరే కంప్యూటర్‌లో పెడితే, మెయిల్ సర్వీసుకు అవతల ఉన్నది మీరే అనిపిస్తుంది. ఇప్పటికే లోపల ఉన్న మనిషికి ఓటీపీ ఎందుకు అడుగుతుంది? అందుకే మీకు రాలేదు. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లూ దాంతో పాటే పోయి ఉంటాయి.

ఇక యాంటీవైరస్ సంగతి. జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టేది మీ కోసం కాదు, యాంటీవైరస్ కోసం. తాళం వేసి ఉన్న పెట్టెలో ఏముందో అది చూడలేదు. మీరు తాళం తీసి పక్కనే ఉన్న ప్రోగ్రామ్ మీద డబుల్ క్లిక్ చేసేసరికి ఆలస్యమైపోతుంది. ఇంకో ఎత్తు కూడా ఉంది. చిన్న వైరస్ ప్రోగ్రామ్‌కు సున్నాలు నింపి వందల ఎంబీల సైజుకు ఉబ్బిస్తారు. అంత పెద్ద ఫైళ్ళను కొన్ని స్కానర్లు పూర్తిగా చూడకుండా వదిలేస్తాయి. పైగా కచేరీ అంటే పెద్దదిగానే ఉంటుందిలే అని మనకూ అనుమానం రాదు.

ఇప్పుడు చేయాల్సింది: వేరే పరికరం నుంచి ముందు మెయిల్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్ మార్చండి. మార్చి ఊరుకోకండి, 'అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్' నొక్కండి. పోయిన కుకీ పనికిరాకుండా పోవాలంటే ఇది తప్పనిసరి. మీ మెయిల్ నుంచి ఎవరికీ తెలియకుండా వేరే చిరునామాకు ఫార్వర్డ్ పెట్టారేమో సెట్టింగ్స్‌లో చూడండి. ఆఫీసు ఐటీ వాళ్ళకు మొహమాటం లేకుండా ఈరోజే చెప్పండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ కంప్యూటర్‌ను స్కాన్ చేసి సరిపెట్టుకోవద్దు, విండోస్‌ను మొదటి నుంచి వేయించండి.

ఆ ఎర వేసిన తీరు చూస్తే మాత్రం నాకు బాధగా ఉంది. 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్‌లో జరిగిన ఆ కచేరీని సౌండ్ ఇంజినీర్ బెట్టీ కాంటర్-జాక్సన్ రికార్డు చేశారు. తర్వాత ఆమె రోజులు బాగోలేక, స్టోరేజీ గదికి అద్దె కట్టలేకపోతే, 1980ల మధ్యలో అందులో ఉన్న టేపులను వేలం వేసేశారు. కొన్నవాళ్ళ దగ్గర కొన్ని తేమలో పాడవుతుంటే అభిమానులే పట్టుదలగా బాగుచేసి, కాపీలు తీసి పంచుకున్నారు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దేశ వారసత్వంగా భద్రపరచాల్సిన రికార్డింగుల 2011 జాబితాలో దీన్ని చేర్చింది. 2017లో అధికారికంగా విడుదలైంది కూడా. డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు, స్ట్రీమింగ్‌లో వినొచ్చు. మరి 'ఎక్కడా దొరకదు' అన్న మాట ఎవరి కోసం? ఒకరినొకరు నమ్మి, ఖాళీ క్యాసెట్లు పోస్టులో పంపుకుంటూ బతికించుకున్న సంగీతం ఇది. ఆ నమ్మకాన్నే ఎరగా వాడుతున్నారు.

ఇంకో మాట. ఈ రికార్డింగులు ఎక్కువగా, నాణ్యత తగ్గకుండా సైజు తగ్గించే ఫ్లాక్ ఫైళ్ళుగా ఉంటాయి. ఉచితంగా దొరికే మామూలు ప్లేయర్లు చాలావరకు వాటిని వినిపిస్తాయి. పాటతో పాటు ప్లేయర్ కూడా ఇచ్చారంటే అక్కడే ఆగిపోవాలి. ఫోల్డర్‌లో ఎండీ5 అంకెల పట్టిక ఉంది కదా, సరిపోల్చి చూశాను కదా అని మరో పాఠకుడు రాశారు. ఆ అంకెలు దారిలో ఫైలు చెడిందో లేదో చెబుతాయి. పంపినవాడే మోసగాడైతే పట్టిక కూడా వాడు చేసిందే.

పాట పేరు చివర 'డాట్ ఫ్లాక్' కనిపించి, దాని వెనక ఉన్న, అది పాట కాదు ప్రోగ్రామ్ అని చెప్పే 'డాట్ ఈఎక్స్‌ఈ' కనిపించకుండా దాచే అలవాటు కంప్యూటర్లకు ఇంకా పోలేదు. ఇన్నేళ్ళుగా ఇన్ని మోసాలు జరిగాక కూడా ఫైలు ఎక్స్‌టెన్షన్‌ను దాచిపెట్టడమే డిఫాల్ట్‌గా ఉంచడం క్షమించరాని నిర్లక్ష్యం. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఈరోజే కనిపించేలా పెట్టుకోండి.

ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ లైబ్రరీ సైట్‌లో ఈ బ్యాండ్ రికార్డింగులు వేలల్లో ఉన్నాయి. ప్రేక్షకులు తీసినవి చాలావరకు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, సౌండ్‌బోర్డ్ నుంచి నేరుగా తీసిన టేపులు అక్కడే వినాలి. 2005 నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. అయితే 2024 అక్టోబరులో ఆ సైట్ మీద దాడి జరిగి 3.1 కోట్ల అకౌంట్ల వివరాలు బయటికి పోయాయి. మీకు అక్కడ పాత అకౌంట్ ఉండి, అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతుంటే రెండు చోట్లా మార్చండి.

విజయవాడ నుంచి: "16 టీబీ ఎస్‌ఎస్‌డీ రెండు వేలకే వచ్చింది. మొదట ఎక్కించిన అరవై కచేరీలు బాగానే ఉన్నాయి. తర్వాత ఎక్కించినవి పేర్లు కనిపిస్తున్నాయి గానీ తెరుచుకోవడం లేదు."

అది 16 టీబీ కాదు. మూడు గంటల కచేరీ ఫ్లాక్‌లో దాదాపు 1 జీబీ ఉంటుంది కాబట్టి మీ లెక్క ప్రకారం లోపల ఉన్నది 64 జీబీ చిప్పే అయి ఉండాలి. కంప్యూటర్‌కు తప్పుడు సైజు చెప్పేలా తయారుచేసి అమ్ముతారు. ఆ తర్వాతి కచేరీలు అసలు ఎక్కనే లేదు, వెనక్కి రావు. అరవై కచేరీలను వెంటనే వేరే డిస్క్‌లోకి తీసుకుని దీన్ని తిరిగి పంపండి. ఇకపై ఏ డిస్క్ కొన్నా హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లేదా ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్‌తో నిండా రాయించి చూశాకే వాడండి.

డాలస్ నుంచి: "ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారిపోయే చోట నా ఫోన్‌లో చిన్న ఖాళీ వస్తోంది. మొన్నటి అప్‌డేట్ తర్వాత కొన్ని కచేరీల పేర్లు, బొమ్మలు కూడా మారిపోయాయి."

ఖాళీకి కారణం చాలాసార్లు ఎంపీ3. ఆ పద్ధతిలో ఫైలు మొదట్లో, చివర్లో రవ్వంత నిశ్శబ్దం చేరుతుంది. మీ దగ్గర ఫ్లాక్ ఉంటే అదే వాడండి, యాప్‌లో 'గ్యాప్‌లెస్' ఆన్ చేయండి, 'క్రాస్‌ఫేడ్' ఆపండి.

పేర్లు మారడం గురించి మాత్రం నాకు చాలా కోపం ఉంది. మా నాన్న మా ఊరి శ్రీరామనవమి పందిట్లో క్యాసెట్ మీద ఒక వయొలిన్ కచేరీ రికార్డు చేశారు. మధ్యలో మా అమ్మ దగ్గు, ఎవరో పిల్లాడి ఏడుపు, పానకం కోసం పిలుపు అన్నీ ఉంటాయి. దాన్ని ఫోన్‌లో పెట్టుకుంటే ఒక మ్యూజిక్ యాప్ అప్‌డేట్ అయిన రాత్రి అదేదో దొరికే ఆల్బమ్ అని పోల్చుకుని, పేరు మార్చి, 'స్థలం ఆదా' పేరుతో నా ఫైలు తీసేసి, స్టూడియో రికార్డింగ్ లింకు పెట్టింది. నా దగ్గర ఇంకో కాపీ ఉండబట్టి సరిపోయింది. అడగకుండా మన ఫైలు ముట్టుకునే హక్కు ఏ సాఫ్ట్‌వేర్‌కూ లేదు. పాట పేరు ఒకటే అయినంత మాత్రాన రికార్డింగ్ ఒకటే అవుతుందా? ఈ బ్యాండ్ ఒకే పాటను వందల రాత్రులు వాయించింది. వాటిని విడదీసి చెప్పేది తేదీ, ఊరు, ఎవరు ఏ మైకుతో తీశారన్న వివరం. అభిమానులు ప్రతి ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైలు పెట్టి ఆ చరిత్రంతా రాసేది అందుకే. యాప్ దాన్ని చెత్త అనుకుంటుంది, చాలామంది వాడేవాళ్ళూ డిలీట్ చేసేస్తారు. దయచేసి చేయకండి. ఫోన్‌లో ఉన్నది కాపీ మాత్రమే అనుకోండి. అసలు ఫైళ్ళు వైర్ పీకేసి పక్కన పెట్టే డిస్క్‌లో ఉండాలి. క్లౌడ్ సింక్‌ను బ్యాకప్ అనుకోవద్దు, ఇక్కడ పోతే అక్కడా పోతుంది.

సన్నీవేల్ నుంచి: "మా పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ నాలుగు పెట్టెల క్యాసెట్లు ఇచ్చారు. కొన్ని తనే ఇక్కడి షోర్‌లైన్ ఆంఫీథియేటర్‌లో రికార్డు చేశానన్నారు. ఒక దాని మీద 5/8/77 అని ఉంది. ఆగస్టు 5న ఏ కచేరీ జరిగినట్టు కనిపించడం లేదు. వీటిని కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలి?"

అమెరికా వాళ్ళు నెల ముందు రాస్తారు కదండీ, అది మే 8. పైన చెప్పిన కార్నెల్ కచేరీయే. మీ దగ్గర ఉన్నది కాపీకి కాపీ అయి ఉంటుంది, దాని మీద సమయం పెట్టొద్దు. ఆయన సొంతంగా తీసినవి ముందు వేరు చేయండి. వాటికి వేరే మాస్టర్, అంటే మొదటి అసలు టేపు, ఉండదు.

క్యాసెట్ పెట్టి నేరుగా యూఎస్‌బీతో ఎక్కించే చవక పరికరాలు వద్దు. వేగం నిలకడగా ఉండదు, శ్రుతి ఊగుతుంది. నిశ్శబ్దం వచ్చినచోట పాట తెంపే సదుపాయం వాటిలో ఉంటుంది. పాటలు ఆగకుండా కలిసిపోయి, గిటార్ శ్రుతి చేసుకునేటప్పుడు మాత్రం నిశ్శబ్దమయ్యే ఈ బ్యాండ్‌కు అది అస్సలు కుదరదు. సర్వీసు చేయించిన మంచి పాత క్యాసెట్ డెక్ కొనండి లేదా అద్దెకు తీసుకోండి. ప్రతి క్యాసెట్‌కూ డెక్‌లో టేపును చదివే హెడ్ కోణం సరిచేయించాలి, లేకపోతే డ్రమ్స్‌లోని సింబల్స్ శబ్దం మొద్దుబారుతుంది. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేయండి. 90 నిమిషాల క్యాసెట్ 3 జీబీ దాకా వస్తుంది. గరగర తీసేసే ఫిల్టర్లు మొదటి కాపీకి వేయకండి.

డెక్ దొరికే లోపు ఒక పని చేయండి. అట్టల మీద రాతలన్నీ ఫోటో తీసుకుని, ఆ పెద్దాయన ఊరు మారేలోపు ఒక మధ్యాహ్నం వెళ్ళి కూర్చోండి. ఏ రాత్రి ఏ వరుసలో నిలబడ్డారు, మైకు దేనికి కట్టారు, ఏ డెక్ వాడారు, పక్కన ఎవరున్నారు అని ఒక్కో క్యాసెట్ చేతికిచ్చి అడగండి. ఆయన చెప్పేది ఫోన్‌లో రికార్డు చేసి, ఆ ఫైలును కూడా అదే ఫోల్డర్‌లో పెట్టండి.