పేదరికం తగ్గితే దేశం కుదుటపడుతుందా? శ్రీలంకలో నేను చూసింది

"అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఇన్ని గొడవలెందుకు? ఆదాయం పెరిగితే అవే సర్దుకుంటాయా?" అని అడిగారు. సర్దుకోవనే నా అభిప్రాయం. 2022లో ఆఫీసు పని మీద కొన్ని నెలలు కొలంబోలో ఉన్నాను, ఆ అనుభవంతో చెబుతున్నా.

శ్రీలంక మరీ పేద దేశమేమీ కాదు. 2019లో ప్రపంచ బ్యాంకు దాన్ని ఎగువ మధ్యాదాయ దేశాల్లో చేర్చింది (మరుసటి ఏడాదే దించేసిందనుకోండి). అలాంటి చోట పెట్రోలు దొరక్క మా వీధి చివరి బంకు దగ్గర ఆటోవాళ్లు రెండేసి రోజులు లైన్లో ఉండేవాళ్లు. రాత్రి పడక ఆటోలోనే. ట్యాంకర్ వస్తోందని ఎవరైనా అరిస్తే అందరూ దిగి బళ్లు చేత్తో నెట్టుకుంటూ ముందుకు జరిపేవాళ్లు. స్టార్ట్ చేస్తే ఉన్న నాలుగు చుక్కలూ అయిపోతాయని. "అంతర్యుద్ధం రోజుల్లో కూడా మా పరీక్షలు ఆగలేదు, ఇప్పుడు మా అబ్బాయి పరీక్షలు ప్రశ్నపత్రాలకు కాగితం లేక ఆగిపోయాయి" అన్నాడు నాతో పనిచేసే ఇంజనీరు.

కోవిడ్ వల్లే ఇదంతా అంటారు గానీ అది కొంతే. 2019 చివర్లో వ్యాట్‌ను (సరుకుల మీద వేసే అమ్మకపు పన్నును) 15 శాతం నుంచి 8కి తగ్గించి ఖజానాకు గండి కొట్టుకున్నారు. 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఉన్నట్టుండి ఆపేస్తే వరి దిగుబడి పడిపోయింది. వద్దని చెప్పినవాళ్లు లేక కాదు, వాళ్ల మాట వినేవాళ్లు లేక. 2020 నాటి 20వ రాజ్యాంగ సవరణతో అధికారం చాలావరకు అధ్యక్షుడి గుప్పిట్లోకి పోయింది. 2021 నాటికి అధ్యక్షుడు, ప్రధాని, ఆర్థిక మంత్రి ముగ్గురూ అన్నదమ్ములే! 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు.

జనం చదువుకుని, అడగడం నేర్చుకుంటారు. జవాబు చెప్పాల్సిన వ్యవస్థ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. అక్కడే నిప్పు రాజుకుంటుంది. 2010 డిసెంబరులో ట్యునీషియాలో తోపుడుబండి వ్యాపారి మహమ్మద్ బూఅజీజీ ఒంటికి నిప్పంటించుకున్నాడు. ఆ దేశమూ కటిక పేదది కాదు. అతని ఫిర్యాదు వినే నాథుడే లేడు. దాంతో అక్కడ జనం తిరగబడ్డారు.

2022 జూలై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొరబడి ఈతకొలనులో దిగిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. నాకు బాగా గుర్తున్నది మాత్రం ఆ తర్వాతి పది రోజులు. సైన్యం గద్దెనెక్కుతుందేమోనని ఒకటే టెన్షన్. ఎక్కలేదు. అధ్యక్షుడు దేశం విడిచి వెళ్లి రాజీనామా పంపాడు. జూలై 20న పార్లమెంటు ఓటు వేసి కొత్త అధ్యక్షుణ్ని ఎన్నుకుంది. ఆయన్ని వద్దన్నవాళ్లూ వీధుల్లో ఉన్నారు, అయినా పద్ధతి తప్పలేదు. 2024లో, 225 మంది ఎంపీల్లో తనవాళ్లు ముగ్గురే ఉన్న నాయకుడు ఎన్నికల్లో గెలిచి అధ్యక్షుడయ్యాడు. 1931 నుంచి వయోజన ఓటు హక్కున్న దేశమది. ఆ అలవాటే అక్కరకొచ్చిందని నా నమ్మకం.

అలాగని ఓటుంటే చాలనీ అనలేను. ఎక్కువమంది ఉన్న సింహళుల ఓట్ల కోసమే 1956లో సింహళాన్ని ఏకైక అధికార భాష చేశారు. తమిళులు శాంతియుతంగా సత్యాగ్రహం చేస్తే వాళ్ల మాటా వినలేదు. చివరికి తమిళ వేర్పాటువాదులకూ ప్రభుత్వానికీ మధ్య 1983లో మొదలైన అంతర్యుద్ధం 26 ఏళ్లు సాగింది.