కార్తీకంలో ఇద్దరు చిన్నపిల్లలతో పొద్దున్నలు ఎలా గట్టెక్కుతున్నాయంటే

దసరా సెలవులయ్యి బడి తెరిచిన దగ్గర్నుంచి కార్తీకం వెళ్ళేదాకా పొద్దున్నపూట ఇల్లు సంతలా ఉంటోంది, ఇద్దరు చిన్నపిల్లలు, ఎన్నింటికి లేచినా టైము చాలడం లేదు, ఇంటి దగ్గరే పని చేసుకుంటాను, పనిమనిషిని పెట్టుకుంటే తీరుతుందా అని మీరు రాసి అడిగారు. నేనూ రెండేళ్ళు ఇదే ఏడుపు ఏడ్చాను, అందుకే రాస్తున్నాను.

మాది కోనసీమ, అంబాజీపేటకి దగ్గర్లో ఒక ఊరు. పెద్దది రెండో తరగతి. చిన్నోడికి మూడేళ్ళు దాటాయి, అంగన్‌వాడీకి వెళ్తాడు. మావారు కొబ్బరికాయల వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తారు. పొద్దున్న ఏడింటికి వెళ్తే మళ్ళీ రాత్రి ఎనిమిదికే రావడం. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. దసరాకి మొదలైన ఆర్డర్లు దీపావళి వెళ్తే తగ్గుతాయనుకుంటాం గానీ తగ్గవు. క్షీరాబ్ది ద్వాదశి దాటిందంటే పెళ్ళి ముహూర్తాలు, ఒక్కో ఇంటి నుంచి ఆరేసి, ఏడేసి జాకెట్లు. నాకు పని ఎక్కువుండే నెలలూ, పిల్లలకి దగ్గులూ జ్వరాలూ వచ్చే నెలలూ, పండగలు వరసకట్టే నెలలూ అన్నీ ఇవే.

మొదట్లో నేను చేసిన పని అలారం మార్చడం. అయిదింటిది నాలుగున్నరకి, ఆ తర్వాత నాలుగింటికి. నాలుగింటికి లేచినా ఎనిమిదింపావుకి ఆటో హారన్ కొట్టేసరికి పెద్దదాని రెండో జడ సగంలోనే ఉండేది. పైగా మధ్యాహ్నం మిషను ముందు కూర్చుంటే తల వాలిపోయేది. చివరికి నాకు అర్థమైంది ఏమిటంటే, నా పొద్దున్న చెడిపోయేది పొద్దున్న కాదు. ముందురోజు సాయంత్రం అయిదుకీ ఏడుకీ మధ్య చెడిపోయేది.

వేసవిలో మా వైపు ఆరున్నర దాకా వెలుతురుంటుంది. నవంబరు వచ్చేసరికి అయిదున్నరకే పొద్దు గూకుతుంది. పెద్దది బడి నుంచి వచ్చేది నాలుగున్నరకి. కాళ్ళు కడుక్కుని ఏదో ఒకటి తిని, కాసేపు వీధిలో పరిగెత్తి వచ్చేసరికే చీకటి. మన అలవాట్లు మాత్రం వేసవివే. లైట్లు వేశాక హోంవర్కు, ఏడున్నరకి అన్నం, తొమ్మిదికి పడక. అంటే పనంతా చీకట్లోకి జరిగిపోయిందన్నమాట. చీకట్లో పని అంటే మా ఊళ్ళో ఊరికే ఉండదు. పురుగులుంటాయి.

చేల పక్కన ఇళ్ళున్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. వరి ఈని గింజ గట్టిపడే రోజుల్లో పచ్చదోమ లైటు కనిపిస్తే చాలు, కిటికీ జాలీలోంచి కూడా దూరి వచ్చేస్తుంది. నువ్వుగింజంత ఉంటుంది, లేతాకుపచ్చ రంగు, ముట్టుకోబోతే గెంతుతుంది. ఒకరోజు రాత్రి మెరూన్ పట్టు జాకెట్టుకి హుక్కులు కుడుతున్నాను. బట్ట నిండా అవే. ఊదితే లేస్తాయి, మళ్ళీ వాలతాయి. ఒకటి సూది కింద నలిగి పట్టు మీద చిన్న మరక పడింది. గుడ్డ తడిపి అద్దుతుంటే పక్కన పెరుగన్నం తింటున్న చిన్నోడు కంచంలోకి వంగి, "అమ్మా, ఈ మెతుకు నడుస్తోంది" అన్నాడు. ఆ రాత్రి ఇద్దరూ సరిగ్గా తినలేదు. తినలేదు గనక పడుకోలేదు, పడుకోలేదు గనక పొద్దున్న లేవలేదు. ఇక ఆటో దగ్గర ఏమైందో మీరే ఊహించుకోండి.

మర్నాటి నుంచి పిల్లల అన్నం అయిదుంపావుకి మార్చేశాను. అవును, అయిదుంపావు. అరుగు మీద, వెలుతురుండగానే. అత్తయ్యగారు మొదట్లో "ఇదేం వేళ అమ్మాయ్, అది టిఫినా అన్నమా" అన్నారు. ఏదైతేనేం, వేడన్నం, పప్పు, నెయ్యి కడుపులో పడుతోంది. ఏడున్నరకి ఓ గ్లాసు పాలు, ఓ అరటిపండు. ఎనిమిదికల్లా పడక. చీకటి పడగానే లోపల లైట్లు ఆర్పేసి ప్రహరీ దగ్గర బల్బు ఒకటి వేస్తాం, దాని కింద బేసిన్‌లో నీళ్ళు పెడతాం. పురుగంతా అటే పోతుంది. ఆ అరగంటా అత్తయ్యగారు తులసికోట దగ్గర దీపం పెట్టుకుని పిల్లలకి కథ చెప్తారు. నేను ఆ టైములో తర్వాతి రోజు సర్దేస్తాను: సంచీ, రెండు జతల యూనిఫాం, రిబ్బన్లు, వాటర్ బాటిల్. మినపప్పు మధ్యాహ్నమే నానబోస్తాను కాబట్టి రుబ్బడం కూడా అప్పుడే అయిపోతుంది.

పిండి అన్నాను కదా, ఒకటి చెప్పాలి. చలి మొదలయ్యాక ఇడ్లీ పిండి తొందరగా పులవదు. పొద్దున్నే గిన్నె మూత తీసి అది పొంగలేదని చూసుకుని, అప్పటికప్పుడు ఉప్మా కోసం ఉల్లిపాయలు తరుక్కోవడం కంటే చిరాకు లేదు. నేను వారంలో మూడు రోజులు దిబ్బరొట్టె వేసేస్తాను. దానికి పిండి పులవనక్కర్లేదు. మినపపిండిలో నానిన బియ్యపు రవ్వ కలిపి, దళసరి మూకుట్లో నూనె వేసి, పిండంతా ఒకేసారి పోసి, మూత పెట్టి సన్నని సెగ మీద వదిలేయడమే. అడుగు ఎర్రగా కాలడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ పొయ్యి దగ్గర ఎవరూ ఉండక్కర్లేదు. రెండు జడలూ పూర్తయ్యేది అప్పుడే. దోసెలైతే ఒక్కొక్కటీ వేస్తూ పొయ్యికి కట్టుబడి ఉండాలి. పిల్లలున్న ఇంట్లో పొద్దున్నపూట దోసెలు వేసేవాళ్ళకి నా దండం.

బట్టలు ఇంకో తలనొప్పి. వాన ఉన్నా లేకపోయినా ఈ రోజుల్లో మంచు పడుతుంది, రాత్రి బయట వదిలేసిన బట్ట పొద్దున్నకి మళ్ళీ చెమ్మగిల్లుతుంది. మూడింటికే తీసేసి వరండాలో తాడు మీద వేస్తాను. యూనిఫాం ఉతకడం బుధవారం, శనివారం మాత్రమే. కాలరు మురికైతే కాలరు ఒక్కటే ఉతికి ఇస్త్రీ పెట్టేస్తాను. ఇది చదివి మా అమ్మ తిడుతుంది, తిట్టనివ్వండి.

ఇక పూజలు. మీరు అడగలేదు గానీ, అసలు బరువు అక్కడే ఉంది. అట్లతద్దికి తెల్లవారకుండా లేవాలి, నాగుల చవితికి పుట్ట దగ్గరికి వెళ్ళాలి, చలిమిడి, చిమ్మిలి చెయ్యాలి, బుర్రగుంజు (మొలకెత్తిన తాటిటెంకలో ఉండే తెల్లటి గుజ్జు) సంపాదించాలి, నాలుగు సోమవారాలు ఉపవాసం, పౌర్ణమికి 365 వత్తులు, ఆఖర్న పోలిపాడ్యమికి అరటిదొప్పల్లో దీపాలు పెట్టి కాలవలో వదలడం. పెళ్ళయిన కొత్తలో అన్నీ చేశాను. పిల్లలు పుట్టాకా చేశాను. ఒక సోమవారం ఏమైందంటే, చుక్క చూసేదాకా ఏమీ తిననని కూర్చున్నాను. మధ్యాహ్నం మూడింటికి పెళ్ళివారి జాకెట్టు కత్తిరిస్తూ రెండు చేతులూ ఒకే వైపువి కత్తిరించేశాను. బట్టను మంచివైపులు ఎదురెదురుగా మడవాలి కదా, మడవలేదు. కత్తెర పెట్టేశాక గానీ తెలియలేదు. చీరలోంచి వచ్చిన ముక్క, ఇంకోటి దొరకదు. చివరికి బోర్డరు అతికి ఎలాగో సరిచేశాను. కుట్టుకూలీ అడగలేదు, పెళ్ళివారు ఇవ్వనూ లేదు.

ఆ సాయంత్రం అత్తయ్యగారే అన్నారు: "చంటిపిల్లల తల్లివి, నీకెందుకమ్మా ఈ ఉపవాసాలు. ఇంట్లో నేనొకదాన్ని ఉంటున్నాను కదా. నువ్వు దీపం పెట్టుకుని అన్నం తిను." అంతకు ముందు నాలుగేళ్ళు ఆవిడ ఏమనుకుంటారోనని నేను, నేనేమనుకుంటానోనని ఆవిడ. ఇప్పుడు పంచుకున్నాం. ఉపవాసాలు, వత్తులు ఆవిడవి. నాగుల చవితి వంట నాది. అట్లతద్దికి పెద్దదాన్ని లేపడం, పెరుగన్నం పెట్టడం, పక్కింటి మామిడిచెట్టు ఉయ్యాల దగ్గరికి తీసుకెళ్ళడం అంతా మామ్మ పనే. నేను అయిదున్నరకి లేస్తాను, నన్నెవరూ లేపరు. ఒక్క పోలిపాడ్యమికి మాత్రం అందరం చీకటితోనే కాలవగట్టుకి వెళ్తాం. అది మానుకోను, నాకిష్టం.

ఇంత సర్దుకున్నా ఒక్క తుఫాను చాలు, అంతా మొదటికి రావడానికి. అక్టోబరు, నవంబరు మనకి తుఫాను నెలలే కదా. మొన్న 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటిన రాత్రి సంగతే తీసుకోండి. నాగుల చవితి వెళ్ళి మూడు రోజులు. బడులకి ముందే సెలవులిచ్చేశారు. అత్తయ్యగారు 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుఫానుని చూసిన మనిషి. మా పెరట్లో పదకొండు కొబ్బరిచెట్లకి రెండు మిగిలాయట, అయిదేళ్ళ మావారిని మంచం కిందకి తోసి పడుకోబెట్టారట. అందుకని టీవీలో వాయుగుండం అన్న మాట వినగానే ఆవిడ బిందెలు నింపడం మొదలుపెడతారు. ఈసారి నేనూ నవ్వలేదు. ఆవిడ నీళ్ళు చూసుకున్నారు, నేను రెండు పూటలకి సరిపడా పులిహోర కలిపి, ఫోన్లు చార్జింగ్ పెట్టి, పిల్లల జ్వరం మందు, ఓఆర్ఎస్ పాకెట్లు ఒక డబ్బాలో వేసి మంచం దగ్గర పెట్టుకున్నాను. కరెంటు మా ఊరికి మూడో రోజు వచ్చింది. మోటారు మిషను కొన్నప్పుడు పాత తొక్కుడు మిషను అమ్మేద్దామన్నారు మావారు. అమ్మలేదు. ఆ మూడు రోజులూ పగటివెలుతుర్లో గుమ్మం దగ్గర దాని మీదే నాలుగు జాకెట్లు పూర్తిచేశాను. చిన్నోడికి తొక్కుడు మిషను నడవడం అదే మొదటిసారి చూడటం, చక్రం పక్కనుంచి కదల్లేదు. చెయ్యి పెడతాడేమోనని నాకు భయం, అదో కాపలా.

తుఫాను వెళ్ళాక వచ్చేది జ్వరాలు. మాకిది ఇంట్లో గొడవ. మావారు కొబ్బరి పీచు, చిప్పలు పెరట్లో పోగేస్తారు, పొయ్యిలోకి పనికొస్తాయని. బోర్లా వెయ్యని ప్రతి చిప్పా ఒక నీళ్ళ తొట్టే. డెంగీ దోమ అలాంటి మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది, గుడ్డు దోమ కావడానికి వారం పదిరోజులు చాలు, పైగా కుట్టేది పగలు. రెండేళ్ళ క్రితం పెద్దదానికి డెంగీ వచ్చి తొమ్మిది రోజులు బడి పోయింది. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం పెరట్లో చిప్పలన్నీ తిరగేసే పని మావారికి అప్పగించాను. ఆ ఒక్కరోజు ఆయన అయిదున్నరకల్లా వస్తారు. పిల్లలు కూడా వెనకాలే తిరుగుతారు, చిప్పకింద జెర్రి కనిపిస్తే గంతులే గంతులు. మగవాళ్ళకి "కాస్త సాయం చెయ్యండి" అంటే ఏం చెయ్యాలో నిజంగానే తెలియదు. ఫలానా రోజు, ఫలానా పని అంటే చేస్తారు. కనీసం మా ఇంట్లో.

పనిమనిషి సంగతి. నేను లెక్కవేసుకున్నాను. గిన్నెలు, తుడవడం నాకు రోజుకి ముప్పావుగంట. హుక్కులు, కాజాలు, చేతికుట్టు కలిపి రెండు గంటలు పైనే. అలాంటప్పుడు గిన్నెలకి మనిషిని ఎందుకు పెట్టుకోవాలి? చేతిపని ఎదురింటి అమ్మాయికి ఇచ్చేశాను, జాకెట్టుకి 30 రూపాయలు. ఆమెకీ చంటిపిల్ల ఉంది, పిల్ల పడుకున్నప్పుడు చేసుకుంటుంది. కోతల రోజుల్లో మాత్రం రాదు, చేలోకి వెళ్తుంది, ఆ పది రోజుల ఆర్డర్లు నేను ముందే తక్కువ ఒప్పుకుంటాను. మీరు ఇంటి దగ్గర ఏం పని చేస్తారో రాయలేదు. మీ పనిలో అలా విడగొట్టి ఇవ్వగలిగే ముక్క ఏదైనా ఉందా, ముందు అది చూడండి. ఉంటే పనిమనిషి కంటే చవగ్గా తేలుతుంది.