స్టేట్ నామినేషన్‌కు 3.8 లక్షలు కట్టాలా?

ప్రశ్న: మాది విజయవాడ. సివిల్ ఇంజనీరుగా తొమ్మిదేళ్ల అనుభవం ఉంది. ఐదు నెలల్లో నాకు 33 నిండుతాయి. నా భార్య బీకాం చదివింది, నాలుగేళ్ల పాప ఉంది. సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్ర ప్రభుత్వం నుంచి 491 వీసాకు (అక్కడి అతిపెద్ద నగరాలు కాని ‘రీజినల్’ ప్రాంతాల్లో ఉండి పని చేసే తాత్కాలిక వీసా) స్పాన్సర్‌షిప్, అదే స్టేట్ నామినేషన్, గ్యారంటీగా ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ 3.8 లక్షలు అడుగుతోంది. పుట్టినరోజు దాటితే వీసా పాయింట్లు తగ్గుతాయి కాబట్టి సగం వెంటనే కట్టమంటున్నారు. ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగింట్లోనూ 7 వచ్చింది. ఎఫ్‌డీల్లో 14 లక్షలు, మ్యూచువల్ ఫండ్స్‌లో 5 లక్షలు ఉన్నాయి. నెలకు 35 వేలు మిగులుతాయి. చాలకపోతే 2018లో కొన్న 200 గజాల స్థలం అమ్మేయమని నాన్న అంటున్నారు. బావమరిది మెల్‌బోర్న్‌లో ఉన్నాడు, మొదట అక్కడే దిగుదామనుకుంటున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: కన్సల్టెన్సీకి కట్టకండి. స్థలం కూడా ఇప్పుడే అమ్మకండి.

ముందు గ్యారంటీ సంగతి. ఏటా ఒక్కో రాష్ట్రం ఎంతమందిని నామినేట్ చేయవచ్చో ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం కోటా ఇస్తుంది. 2024-25లో అన్ని రాష్ట్రాలకూ కలిపి 26,260 ఇచ్చారు, 2025-26లో దాన్ని 20,350కి తగ్గించారు. సౌత్ ఆస్ట్రేలియాకు 491 కింద వచ్చినవి 900 మాత్రమే. వాటిలో ఒకటి మీకు రాసిపెట్టి ఉందని చెప్పే అధికారం అక్కడి మంత్రికే లేదు, ఇక్కడి కన్సల్టెన్సీకి ఎక్కడిది? పైగా ఆ నామినేషన్‌తో వచ్చేది పాయింట్లే, ఉద్యోగం కాదు. 190 వీసాకైతే (ఇది రాష్ట్రం నామినేట్ చేసే శాశ్వత వీసా) 5, 491కైతే 15 పాయింట్లు. ఆసక్తి తెలిపే దరఖాస్తు, అదే ఈఓఐ, ఆస్ట్రేలియా ప్రభుత్వ వెబ్‌సైట్ స్కిల్‌సెలెక్ట్‌లో మీరే ఉచితంగా వేసుకోవచ్చు. మనిషి సాయం కావాలనిపిస్తే ఆస్ట్రేలియాలో మారా (వీసా ఏజెంట్లను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటును పెట్టుకోండి. ఆ నంబరు నిజమైనదో కాదో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఫీజు మాత్రం పని జరిగిన కొద్దీ దశలవారీగా ఇవ్వండి.

పుట్టినరోజు టెన్షన్‌లో కొంత నిజం ఉంది. ఇప్పుడు మీకు వయసుకు 30, డిగ్రీకి 15, అనుభవానికి 15, ఇంగ్లిష్‌కు 10, మొత్తం 70. (అనుభవమంతా ఇంజనీర్స్ ఆస్ట్రేలియా అనే సంస్థ చేసే అర్హతల అసెస్‌మెంట్‌లో ఒప్పుకుంటేనే సుమా.) 33 నిండితే వయసు పాయింట్లు 25 అవుతాయి. ఇన్విటేషన్ (వీసాకు దరఖాస్తు చేసుకోమని వచ్చే పిలుపు) వచ్చిన రోజు వయసునే లెక్కేస్తారు. మీ చేతిలో ఇంకా అసెస్‌మెంటే లేకపోతే ఐదు నెలల్లో ఇన్విటేషన్ దాకా వెళ్లడం కష్టం. కన్సల్టెన్సీకి ఎంత కట్టినా ఆ క్యాలెండరు ఆగదు.

పోయే ఆ 5 పాయింట్లను చౌకగా తిరిగి తెచ్చుకునే దారి ఉంది. మీరు ఐఈఎల్‌టీఎస్ మళ్లీ రాసి నాలుగింట్లోనూ 8 తెచ్చుకుంటే ఇంకో 10 పాయింట్లు. రైటింగ్‌లో 8 తేలిక కాదని నాకు తెలుసు, ఒక్కసారికే రావాలనీ లేదు. మీ ఆవిడ నాలుగింట్లో 6 తెచ్చుకుంటే మరో 5. పరీక్ష ఒక్కోటి దాదాపు 18 వేలు. అంటే 36 వేలకు 15 పాయింట్ల అవకాశం. ఆవిడ పరీక్షతో ఇంకో లాభం కూడా ఉంది. భార్యకు కనీస ఇంగ్లిష్ వచ్చని రుజువు చూపకపోతే వీసా సమయంలో దాదాపు 4,900 ఆస్ట్రేలియా డాలర్లు అదనంగా కట్టించుకుంటారు. అందుకే ముందు ఆవిడ పరీక్ష రాయించండి.

ఇక డబ్బును మూడు వాటాలు చేయండి. మొదటిది ఇన్విటేషన్ రాకముందు పెట్టే ఖర్చు. పరీక్షలు, అసెస్‌మెంట్, సర్టిఫికెట్లు, రాష్ట్రం రుసుము, అన్నీ కలిపి 2 లక్షలు దాటనివ్వకండి. ఇది తిరిగి రాకపోయినా ఫర్వాలేదనుకునే డబ్బు. రెండోది ఇన్విటేషన్ వచ్చాక 60 రోజుల్లో కట్టాల్సిన వీసా ఫీజు. మీకు సుమారు 4,900 డాలర్లు, ఆవిడకు అందులో సగం, పాపకు పావు వంతు, మొత్తం 8,600 దాకా. డాలరు 60 రూపాయలనుకుంటే 5 లక్షల 16 వేలు. మెడికల్స్, పోలీస్ సర్టిఫికెట్లతో ఐదున్నర పెట్టుకోండి. ఈ ఫీజులు సాధారణంగా జులై 1న పెరుగుతాయి.

మూడోది దిగాక బతకడానికి. మీ లెక్క తప్పేది ఇక్కడే. మెల్‌బోర్న్‌లో బావమరిది ఇంట్లో ఉండి అద్దె మిగుల్చుకుందామనుకుంటున్నారేమో, 491లో అది కుదరదు. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ ఈ వీసాలో రీజినల్ కిందికి రావు. అడిలైడ్, పెర్త్ వస్తాయి. నివాసం, ఉద్యోగం రెండూ రీజినల్ ప్రాంతంలోనే ఉండాలి. వీసా ఐదేళ్లది. మూడేళ్ల పన్ను అసెస్‌మెంట్లు చూపించాకే శాశ్వత నివాసానికి 191 వీసాకు దరఖాస్తు వేయగలరు. కాబట్టి అడిలైడ్‌లో అద్దె, అడ్వాన్సు, పాత కారు, టికెట్లు, ఉద్యోగం దొరికేదాకా నాలుగు నెలల తిండి, వీటికి 15 లక్షలకు తక్కువ వేయకండి.

మూడూ కలిపి ఇరవై రెండున్నర లక్షలు. మీ దగ్గర 19 ఉంది. నెలకు 35 వేల చొప్పున ఏడాది కూడితే 4 లక్షల 20 వేలు, లోటు తీరిపోతుంది. ఈ ప్రక్రియకు ఎలాగూ అంతకన్నా తక్కువ పట్టదు. మ్యూచువల్ ఫండ్స్‌లోని 5 లక్షలను మాత్రం మార్కెట్ బాగున్నప్పుడు మెల్లగా ఎఫ్‌డీలోకి మార్చండి. ఇన్విటేషన్ వచ్చిన వారంలో మార్కెట్ పడితే 60 రోజుల గడువు మీకోసం ఆగదు. పర్సనల్ లోన్ ఊసే వద్దు.

స్థలం అమ్మి అడిలైడ్‌లో ఇల్లు కొందామన్నది మీ నాన్నగారి ఆలోచన అయితే అదీ ఇప్పట్లో కుదరదు. 491 తాత్కాలిక వీసా. తాత్కాలిక వీసాదారులు పాత ఇళ్లు కొనకుండా 2025 ఏప్రిల్ 1 నుంచి రెండేళ్ల నిషేధం పెట్టారు. అమ్మక తప్పదనుకుంటే వీసా చేతికొచ్చాక, మీరింకా ఇక్కడి పన్నుల లెక్కలో రెసిడెంట్‌గా ఉన్న ఆర్థిక సంవత్సరంలో అమ్మండి. 2024 జులై 23కు ముందు కొన్న స్థలంపై వచ్చే లాభానికి ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి లెక్కించడం) 20 శాతం పన్నా, లేకుండా 12.5 శాతమా, ఏది తక్కువైతే అది కట్టే వెసులుబాటు రెసిడెంట్లకే ఉంది. ఎన్నారై అయ్యాక అమ్మితే ఆ వెసులుబాటు పోతుంది, కొనేవాళ్లు టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే కోసే పన్ను) కూడా భారీగా కోయాల్సి వస్తుంది. అమ్మకపోతే బయల్దేరే ముందే నాన్నగారి పేర జీపీఏ (మీ తరఫున వ్యవహరించే అధికార పత్రం) రిజిస్టర్ చేయించండి.

డబ్బు పంపేటప్పుడు ఒకరి ఖాతా నుంచే పంపకండి. ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. రిటర్నులో వెనక్కి వస్తుంది గానీ, అడిలైడ్‌లో అద్దె కట్టాల్సిన నెలలో ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. ఈ పరిమితి పాన్‌కు ఒకటి చొప్పున కాబట్టి మీరు కొంత, ఆవిడ కొంత పంపితే టీసీఎస్ బెడద లేకుండా పోతుంది.